ఎడమ చేతులెత్తిన పూట

అనసూయ పేరెత్తితే మా ఇంట్లో వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆమె గోంగూర పచ్చడి. నాకు గుర్తొచ్చేది ఆ పచ్చడి నూరిన బండ. ఆ బండతోనే ఆమె మా డాబా తలుపు తాళం పగలగొట్టింది. ఆ పనివల్లే ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఆమెకు చోటు లేకుండా పోయింది.

ఆమెది బొబ్బిలి పక్క పల్లెటూరు. మొగుడు అప్పన్న బట్టలు కుట్టే కార్ఖానాలో పనికని ఢిల్లీ వచ్చాడు, వెనకాలే ఈమె వచ్చింది. బట్టలు దొంగతనంగా బయటికి పోతున్నాయని ఆ కార్ఖానావాళ్లు పని నడిచినంతసేపూ గేటుకు బయటనుంచి తాళం వేసేవాళ్లట. ఒకరోజు లోపల నిప్పంటుకుంది. తాళంచెవి ఉన్నవాడు టీ తాగడానికి వెళ్లాడు. అప్పన్న కథ ఇంతే. ఇంకేమన్నా ఉంటే అనసూయ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. విచారణకొచ్చిన పెద్దమనిషి మాత్రం ఈమెతో, "దొంగతనాలు ఆపాలి కదమ్మా, వాళ్ల ఇబ్బంది వాళ్లది" అన్నాడట. ఆ మాట ఆమె పప్పు రుబ్బుతూ నాకు చాలాసార్లు చెప్పింది. నిజమే మరి. కారణం లేకుండా వేసిన తాళం ఈ ఊళ్లో నేనింతవరకు చూడలేదు.

ఆ తర్వాత వాళ్లింట్లో వీళ్లింట్లో వంటలు చేసి, చివరికి మా ఇంటి కింద వాటాలో మెస్ పెట్టుకుంది. మా ఇల్లంటే మాది కాదు, ఖురానాగారిది. మొదటి అంతస్తులో మేం అద్దెకుంటాం. మా పైనంతా కలెక్టర్లు కావాలని వచ్చిన పిల్లలు. ఒక్కో గదికి మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు చేశాడు ఖురానా. అందరికీ కలిపి ఒకటే మెట్లదారి, ఎదురుగా మనిషొస్తే గోడకు అతుక్కుపోవాలి. ఆ మెట్ల మొదట్లోనే కరెంటు మీటర్లు. ఆ వైర్లు చూస్తే కాకి గూడు నయం. వానపడితే చిటపటమనేవి.

తెలుగు పిల్లలంతా అనసూయ దగ్గరే తినేవాళ్లు. నేలమీద వరసగా కూర్చోబెట్టి వడ్డించేది. "ముద్ద పెద్దది కలపండి గుంటలూ, పిచిక తిండి ఏటది" అని కసురుతూనే పెట్టేది. పరీక్ష పోయిందని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే ఏమీ అడగకుండా ఇంకో గరిటె నెయ్యి పోసేది. పై అంతస్తులో, డాబా తలుపు పక్క గదిలో శరణ్య అని ఖమ్మం పిల్ల ఉండేది. "అక్కా, అక్కా" అంటూ ఆమె కొంగు పట్టుకు తిరిగేది.

మా అబ్బాయి సదాశివరావు గురించి కూడా చెప్పాలి. వాడూ కలెక్టర్ కావాలనే వచ్చాడు. కాలేదు. ఇప్పుడు కాబోయే కలెక్టర్లకు నీతి చెబుతాడు. నేను వెటకారం చెయ్యడం లేదు, ఆ పరీక్షలో నిజంగానే నీతికి ఒక పేపరుంది. ఒక చిక్కు ఇచ్చి, నువ్వైతే ఏం చేస్తావో రాయమంటారు. రాసినదానికే మార్కులు, చేసినదానికి లేవు. గోడ అవతల వాడు ఫోనులో క్లాసులు చెబుతుంటే వినీ వినీ నాకూ వచ్చేసింది ఆ పాఠం. నీతి పైనుంచి ఊడిపడలేదట. మనిషి బుద్ధితో ఆలోచించి, నలుగురూ సామరస్యంగా బతకడానికి పెట్టుకున్నదేనట. వినడానికి బాగానే ఉంటుంది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కాదనడానికి నా దగ్గర అంత పెద్ద మాటలు లేవు.

పోయిన వేసవిలో ఖురానా డాబా తలుపుకు తాళం వేయించాడు. పిల్లలు పైకెక్కి సిగరెట్లు కాలుస్తున్నారు, పాటలు పెడుతున్నారు, వెనకింటివాళ్లు రోజూ వచ్చి తిడుతున్నారు. ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. అనసూయ వడియాలు పెట్టుకోవడానికి వెళ్లి తాళం చూసింది. పిండి గిన్నె చంకలో ఉండగానే ఖురానా దగ్గరికి పోయింది.

"భయ్యా, తాలా ఖోలో. మెట్లకాడ ఆగ్ లగేగా తో బచ్చే కహా జాయేంగే?" తాళం తియ్యి, మెట్లకాడ నిప్పంటుకుంటే పిల్లలెటు పోతారు అని.

"ఇత్‌నే సాల్ మే కభీ కుఛ్ హువా హై క్యా?" అన్నాడు ఖురానా. ఇన్నేళ్లలో ఎప్పుడన్నా ఏమన్నా అయిందా అని.

మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. మెట్లమీద కనపడితే అడిగింది, గుడిలో కనపడితే అక్కడా అడిగింది. ఖురానాకు ఒళ్లు మండి, ఇంకోసారి ఈ మాటెత్తితే మెస్ ఖాళీ చేయిస్తానన్నాడు. అప్పుడు మావాడు మధ్యలో దిగాడు. "గొడవెందుకు, అందరం కూర్చుని ఆలోచిద్దాం" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నమైతే అందరూ మెస్‌లో దొరుకుతారని అక్కడే పెట్టాడు. పిల్లలు తింటున్నారు. ఖురానాకు కుర్చీ వేశారు. మావాడు గోడకానుకుని క్లాసులో లాగానే మొదలుపెట్టాడు. ఇందులో యజమాని బాగు ఉంది, వెనకింటివాళ్ల బాగు ఉంది, చదువుకునేవాళ్ల బాగు ఉంది, అనసూయగారి భయం కూడా ఉంది, ఎవరినీ తప్పుపట్టకూడదు, అన్నాడు.

అనసూయ నా చెవిలో, "మామ్మగారూ, మీ అబ్బాయి సెప్తున్నది ఏటి? తాళం తీస్తారా, తియ్యరా?" అంది.

"ఇంకా అక్కడిదాకా రాలేదే. ముందు అందరూ మంచివాళ్లని తేల్చాలి" అన్నాను.

నవదీప్ అని మూడో అంతస్తు కుర్రాడు ముద్ద మింగి అందుకున్నాడు. "తాళం తీస్తే మళ్లీ పైన పార్టీలే అక్కా. నాకు మెయిన్స్ ఉంది."

"నిప్పంటుకుంటే మెయిన్స్ ఎక్కడ రాస్తావురా?" అన్నాను.

"దానికి ప్రాబబిలిటీ చాలా తక్కువ మామ్మగారూ."

"మీ బావకి కూడా తక్కువేరా నాయనా" అంది అనసూయ. ఏ బావో వాడికి తెలియదు. నవ్వి మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ఇక మావాడు, "తాళం ఉండటమే అందరికీ మేలనుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. కుడి చేతులు పప్పన్నంలో ఉన్నాయి. అందుకని ఎడమ చేతులెత్తారు. ఎడమ చేత్తో పూచికపుల్ల అందిస్తే మొట్టికాయ వేసే ఇళ్లలో పెరిగిన పిల్లలు. శరణ్య కాసేపు కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఖురానా అటు తిరిగేసరికి ఆమె చెయ్యి కూడా లేచింది. ఆ తలుపు పక్కన పడుకునే పిల్ల.

"చూశావామ్మా, ఎవరికీ అభ్యంతరం లేదు. బుద్ధిగా ఆలోచిస్తే గొడవే ఉండదు" అన్నాడు మావాడు నాతో.

అనసూయ గరిటె పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మజ్జిగ ఎవులికి?" అంది. వరసగా అందరికీ పోసింది, ఖురానాకు కూడా గ్లాసులో ఇచ్చింది.

మర్నాడు పిల్లలు క్లాసులకు పోయాక దబదబమని పైనుంచి చప్పుడు. నా మోకాళ్లతో నేను గుమ్మందాకా వచ్చేసరికి అనసూయ రోటిబండ పట్టుకుని దిగుతోంది, రొప్పుతోంది.

"ఏం చేశావే?"

"తలుపు తీసినాను మామ్మగారూ. అన్నానికి ఎసరు పెట్టాలి, ఉంటాను."

సాయంత్రానికి ఖురానా వచ్చి మెస్ ముందు నిలబడి అరిచాడు. మావాడు వాళ్లిద్దరి మధ్యా నిలబడి, ఈమెతో నెమ్మదిగానే చెప్పాడు.

"మీ ఉద్దేశం మంచిదే అనసూయగారూ. పద్ధతి తప్పు. అది అందరూ ఒప్పుకున్న నిర్ణయం కదా?"

"నా మొగుడున్న కార్ఖానాలో కూడా అందరూ ఒప్పుకున్నారు బాబూ. ఒప్పుకోనోడికి పనుండదు కదా."

మావాడికి అప్పుడే ఫోనొచ్చింది. రాకపోయినా వచ్చినట్టు చూసుకున్నాడు.

ఆ వారంలోనే ఆమె సామాను ఈ-రిక్షా ఎక్కింది. పిల్లలందరూ వచ్చి గ్రైండరూ గంగాళాలూ మోశారు. మోయడానికి మాత్రం రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. అందరూ వెళ్లొస్తానక్కా అన్నారు. వెళ్తున్నది ఆమె.

ఇక్కడితో అయిపోతే నేనింత చెప్పేదాన్ని కాదు. మావాడు ఈ సంగతిని తన క్లాసు పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాడు. పేర్లు తీసేసి, 'ఒక మహిళ' అని పెట్టాడు. అందరికంటే బాగా రాసింది వాడి దగ్గరే చదివే శరణ్యట. భోజనాల దగ్గర చదివి వినిపించాడు. ఆ మహిళ ఆవేశపడకుండా ఉండాల్సిందట. యజమానిని ఒప్పించి, అందరితో చర్చించి, అధికారులకు అర్జీ పెట్టి, సామరస్యం చెడకుండా తలుపు తీయించుకోవాలట.

"అందరితో చర్చించారు కదరా. నువ్వే కదా కూర్చోబెట్టింది?" అన్నాను.

"అమ్మా, అది వేరు. ఇది జవాబు" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు, అదే నా బాధ.

శరణ్య మెట్లమీద కనపడితే ఆపాను. "బాగా రాశావట."

"అలా రాస్తేనే మార్కులేస్తరు మామ్మగారూ" అంది, నా మొహంలోకి చూడకుండా.

దసరా సెలవుల్లో మనవరాలు ఇషితను వెంటబెట్టుకుని మెట్రోలో గుర్‌గావ్ వెళ్లాను. అక్కడ ఉద్యోగాలు చేసుకునే పిల్లల హాస్టల్లో వండుతోంది అనసూయ. సొంత పొయ్యి కాదు, ఇంకొకరి చేతి కింద వాళ్లు చెప్పిందే వండాలి. చిక్కిపోయింది. కాఫీ ఇచ్చి, నేను కూర్చున్నానో లేదో అడిగింది.

"తలుపు తీసే ఉందా మామ్మగారూ?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "తాళం మార్చాడే. ఇంకా పెద్దది వేశాడు."

"పక్క గదిలో శరణ్యేనా?"

"ఆ పిల్లే. చెయ్యెత్తింది, నీ మీద జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకుంది."

"రాస్తాది. సదువుకోడానికే వచ్చింది కదా" అంది. లోపలికి వెళ్లి పాత చీరముక్కలో మూటకట్టి ఏదో తెచ్చింది. నా ఒళ్లో పెట్టింది, ఎంత బరువో. రోటిబండ. "ఆ పిల్లకి ఇవ్వండి. మంచం కింద పెట్టుకోమనండి."

తిరిగొస్తుంటే మెట్రోలో సామాను చూసే పోలీసు ఆపాడు. "యే క్యా హై అమ్మాజీ?" అని అటూ ఇటూ తిప్పాడు. "చట్నీ కే లియే" అంది ఇషిత, పచ్చడికని. వదిలేశాడు.

శరణ్యకు ఇచ్చి, అనసూయ చెప్పింది చెప్పాను. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో అందుకుని చాలాసేపు పట్టుకుని నిలబడింది. నాకు కొంచెం ఆశ పుట్టిన మాట నిజం.

మొన్న ఇషిత పైకి వెళ్లొస్తే అడిగాను. తాళం అలాగే ఉందట. బండ బల్లమీద ఉందట, ఫ్యాన్ గాలికి నోట్సు కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద పెట్టుకుంది.