అరవై ఒకటో పగడం

మిస్నాతున్ మా గోదాములో పనికి చేరేనాటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. అంతకుముందు ఇరవై ఏళ్లు మా ఊరు బన్యువాంగి చేపల బజారులో చేపలమ్ముతూ కూర్చుంది. మొదట వాళ్లమ్మ పక్కన, ఆమె పోయాక ఆమె చోట్లోనే. మొగుడు బాలి పడవల మీద పనికెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఎవరైనా ఆ సంగతి కదిపితే "చేపలు కొంటావా, కబుర్లు కొంటావా?" అనేది. అక్కడితో ఆ మాట అయిపోయేది.

గోదాము సముద్రానికి ఇరవై అడుగుల దూరం. ఒడ్డు దగ్గర నీళ్లలో ఇనప చట్రాల మీద పగడాలు పెంచుతాం. అద్దాల తొట్లలో పెట్టుకుని మురిసిపోయే విదేశీయులకు వాటిని బతికుండగానే విమానంలో పంపుతాం. యజమాని సుపార్దీ. కాగితాలు రాసేది నేను. ఏ రకం, ఎన్ని ముక్కలు, ఒక్కో ముక్క అడుగున కట్టిన బిళ్ల మీద నంబరెంత, అన్నీ అనుమతి పత్రంలో ఎలా ఉంటే పెట్టెలోనూ అలాగే ఉండాలి. ఇక్కడి అధికారులూ చూస్తారు, అక్కడి అధికారులూ చూస్తారు.

మిస్నాతున్ సంచులు కట్టడం చూడాల్సిందే. పగడాన్ని చిన్న థర్మోకోల్ ముక్కకు రబ్బరు బ్యాండుతో తలకిందులుగా కట్టి సంచిలోని ఉప్పునీళ్లలో వదిలేది. థర్మోకోల్ పైన తేలుతుంది, పగడం కింద వేలాడుతుంది, ప్లాస్టిక్‌కు ఎక్కడా తగలదు. తగిలిందా, ఆ చోట కుళ్లు మొదలై దిగే ఊరు వచ్చేసరికి సంచంతా కంపు కొడుతుంది. చేతి జిడ్డూ ఘాటూ నీళ్లలో కలవకూడదని, సరుకు వెళ్లే రోజున ఆమె తలకు నూనె రాసుకునేది కాదు, ఉల్లిపాయ ముట్టేది కాదు. పదహారేళ్లలో ఆమె కట్టిన సంచుల మీద ఫిర్యాదు వచ్చింది రెండే రెండుసార్లు. ఆ రెండుసార్లూ విమానం ఆలస్యమైంది.

కానీ బజారు ఆమెను వదల్లేదు. మా బజారులో తూకం అయ్యాక అమ్మేవాళ్లు పైన గుప్పెడు వెయ్యాలి. అది అడిగి పుచ్చుకునేది కాదు, వాళ్లంతట వాళ్లు ఇచ్చేది. వెయ్యని మనిషి ముందు రెండోసారి ఎవరూ ఆగరు. మిస్నాతున్ గోదాములోనూ అంతే. మధ్యాహ్నం పొట్లం విప్పితే పక్కవాళ్ల ఆకుల్లో తలో వేయించిన సోయా టెంపే ముక్కా పడాల్సిందే. చాలంటే "తూకం నాది, నోరు నీది. మూసుకుని తిను" అనేది.

రెండేళ్ల కిందట రుడోల్ఫ్ అనే కొనుగోలుదారు ఐరోపా నుంచి మా చట్రాలు చూడ్డానికి వచ్చాడు. మిస్నాతున్ ఆయనకు పచ్చిమిరపకాయలు దంచి మామిడికాయ రుజాక్ కలిపి పెట్టింది. ఆయన మొహం కందిపోయింది, కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి, అయినా ప్లేటు ఖాళీ చేసి ఇంకాస్త అడిగాడు. "ఎర్ర రొయ్యలా అయిపోయి కూడా వదల్లేదు చూడు. మంచి మనిషి" అంది.

మరుసటి నెల ఆయనకు అరవై ముక్కలు పంపాలి. అన్నీ సర్దాక మిస్నాతున్ మూలనున్న బకెట్లోంచి పిడికిలంత సుత్తి పగడం, కొసలు సుత్తి తలల్లా ఉండే రకం, ఒకటి తీసింది. ఆకుపచ్చది, కొసలు పసుపు. ఎప్పుడో విరిగి పారేసిన బొటనవేలంత ముక్కను పెంకు మీద అతికించి, చట్రం చివర పదకొండు నెలలు పెంచింది. దానికి బిళ్లా లేదు, నంబరూ లేదు. మిగతావాటిలాగే శ్రద్ధగా కట్టి పెట్టెలో పెట్టింది.

నేను పక్కనే ఉన్నాను. "ఇదేంటక్కా?" అన్నాను.

"మన ఎర్ర రొయ్యకి కొసరు" అంది.

నవ్వాను. అరవై అని నా చేత్తో రాసిన కాగితం నా చంకలోనే ఉంది. అయినా తప్పు జరుగుతోందని తోచలేదు. ఆయన సంతోషిస్తాడు కదా అనుకున్నాను. మా ఊళ్లో పుట్టినవాడెవడైనా అదే అనుకుంటాడు.

అక్కడ విమానాశ్రయంలో పెట్టె విప్పి లెక్కపెట్టారు. అరవై ఒకటి. నంబరు లేనిది ఒకటి. మొత్తం సరుకు పట్టుకున్నారు. ఇక్కడ మా అనుమతి ఆపేశారు. పదకొండు మంది ఆడవాళ్లు ఇళ్ల దగ్గర కూర్చున్నారు.

విచారణకు అధికారి వచ్చే ముందు సుపార్దీ నన్ను పక్కకు పిలిచాడు. "ఎవరో ఒక మనిషి చాటుగా పెట్టిందంటే ఆ మనిషి పోతుంది. కాగితాలు రాసేవాడికి తెలిసే జరిగిందంటే గోదామే పోతుంది. నువ్వు చదువుకున్నవాడివి, నేను చెప్పేదేముంది" అన్నాడు.

అధికారి ఎవరు పెట్టారని అడగ్గానే మిస్నాతున్ లేచింది. "నేనే."

"అంటే దొంగచాటుగా సరిహద్దు దాటించావన్నమాట."

"దొంగతనం ఎలా అవుద్దయ్యా? దొంగ పట్టుకుపోతాడు. నేను పెట్టాను. ఊరికే ఇచ్చాను."

"ఊరికే ఎవరిస్తారమ్మా?"

"మీ ఆవిడ చేపలెక్కడ కొంటదో అడగండి, చెప్పుద్ది."

అధికారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "చాటుగా పెట్టలేదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే దొంగ రవాణా అని కాకుండా వేరేగా రాస్తాను."

"ఎందుకు లేరు? వగిమన్ ఉన్నాడుగా. పక్కనే నిలబడ్డాడు. నవ్వాడు కూడా."

అందరూ నా వైపు తిరిగారు.

"లేదండీ. లెక్క చూసుకుని నేను ముందే వెళ్లిపోయాను" అన్నాను.

కొనే ముందు చేప మొప్ప ఎత్తి చూస్తారే, మిస్నాతున్ నన్ను అలా చూసింది.

గోదాము ఆరు వారాల్లో తెరుచుకుంది. మిస్నాతున్ పేరు దొంగ రవాణా చేసినవాళ్ల జాబితాలోకి ఎక్కింది. ఈ తీరంలో ఇక ఏ పగడాల గోదామూ ఆమెను పనిలో పెట్టుకోదు. ఆమెను తీసేసిన ఉత్తరం రాసింది కూడా నేనే. సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే కుదురైన అక్షరాలతో రాశాను.

మొన్న రుడోల్ఫ్ దగ్గర్నుంచి కబురొచ్చింది. పట్టుకున్న పగడాలను అక్కడి చేపల ప్రదర్శనశాల తొట్టెలో పెట్టారట. ఆకుపచ్చది రెండింతలైందట. ఈ మాట చెప్పే వంకతో బజారుకు వెళ్లాను.

మిస్నాతున్ మళ్లీ వాళ్లమ్మ చోట్లోనే కూర్చుని ఉంది. నా ముందు ఒక ముసలామె అరకిలో తీసుకుంది. తూకం అయ్యాక మిస్నాతున్ పైన గుప్పెడు పోసింది.

"చాల్లేవే" అంది ముసలామె.

"తూకం నాది, నోరు నీది. పట్టుకెళ్లు."

తర్వాత నేను. కిలో అడిగాను. తూకం ముల్లు గీత దాటింది. ఒక చిన్న చేపను తీసి బుట్టలో వేసింది. ముల్లు గీత మీదికి వచ్చింది.

"అక్కా, నీ ఆకుపచ్చది బతికే ఉందట. పెద్దదైందట" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "నేను కట్టింది. బతక్కేం చేస్తుంది" అంది. చేపలు నా సంచిలో పోసింది. "సరిగ్గా కిలో. చూసుకో, నువ్వు లెక్క మనిషివి."

నేను సంచి మూతి ఇంకా తెరిచే పట్టుకుని ఉన్నాను. ఆమె నా వెనకున్నవాళ్లను పిలిచింది.