ఓక్ దూలం ముక్క

మూడొందల ఏళ్లనాటి ఫామ్‌హౌస్‌ని ఒళ్లో పెట్టుకుని అమెరికాలో ప్రయాణం చేసినవాణ్ణి నేను. సరే, కాస్త పెంచాను. ఒళ్లో ఉన్నది దాని దూలంలోంచి కోసిన మూరెడు ముక్క.

జెర్సీ సిటీ రైల్లో నాకూ మా ఆవిడకీ ఎదురుగా కూర్చున్న ముసలి తెల్లావిడది అది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆవిడ పూర్వీకులు ఒక్క ఇనప మేకు వాడకుండా, ఓక్ దూలాలని చెక్క చీలలతో బిగించి ఆ ఇల్లు కట్టారట. ముక్క మీద ఉలితో చెక్కిన గీతలు తడిమి చూపించింది.

"ఇవి వడ్రంగుల గుర్తులు. వీటిని బట్టి ఇల్లంతా విప్పి, ఇంకోచోట మళ్లీ నిలబెట్టొచ్చు. కానీ రేపే బుల్డోజర్ వస్తోంది. సీనియర్ హోమ్‌లో నాకిచ్చిన గదిలో మంచం, కుర్చీ తప్ప పట్టవు. ఈ ఇంటికి మీరేమైనా చోటివ్వగలరా?"

అంత ఇంటికి చోటు నేనెక్కణ్ణుంచి తెచ్చేది? మేముండేది పదిహేడో అంతస్తులో, అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో. సారీ చెప్పి ముక్క తిరిగిచ్చేశాను. ఆవిడ దాన్ని తువ్వాలులో చుట్టుకుని దిగిపోయింది.

ఇది చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు "పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు అంకుల్" అంటారు. నిన్న మా ఆవిడ ఊరుకోలేదు.

"ఇంటికి చోటెవరడిగారండీ? ఆ ముక్కొక్కటి ఉంచుకోమంది. మన బాల్కనీలో పట్టేది."