పెళ్లికి సగటు తీసిన సారు

బీఏ సోషియాలజీ చివరి సంవత్సరంలో ఉన్నప్పటి మాట. ఎంఏకి, ఆపైన పరిశోధనకి స్టాటిస్టిక్స్ రాకపోతే కుదరదని, పంజాగుట్ట హాస్టల్ నుంచి నడిచి వెళ్లి అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉచిత డెమో క్లాసులో కూర్చున్నాను.

సారు అందరి చదువూ అడిగారు. నా వంతు రాగానే నవ్వారు.

"బీఏనా? గివి లెక్కలమ్మా, కథలు కాదు."

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం లేవలేదు.

తర్వాత ఆయన తెర మీద ఒక సర్వే చూపించారు. అందులో పెళ్లి కానివాళ్లకు ఒకటి, అయినవాళ్లకు రెండు, విడిపోయినవాళ్లకు మూడు అని గుర్తుగా అంకెలు వేశారు. ఆయన వాటికి కంప్యూటర్‌లో సగటు తీసి, "ఒకటిన్నర. రాసుకోండ్రి" అన్నారు.

"సార్, అవి గుర్తులే కదా? ఒకటిన్నర పెళ్లంటే ఏంది?" అని అడిగాను.

"కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా? మస్తు మాట్లాడుతున్నవ్. బయటికి నడువ్!"

తలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. అందరూ ఆ ఒకటిన్నరను రాసుకుంటున్నారు.

స్టాటిస్టిక్స్ పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నాను. ఎంఏలో సీటు కూడా వచ్చింది. కోపం మాత్రం పోలేదు. ఆ సారునైనా ఏదో ఒక రోజు క్షమిస్తానేమో గానీ, తలవంచుకుని రాసుకున్నవాళ్లను క్షమించను.