బియ్యం డబ్బాలో సీసా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా మనవడు ఆ ఆదివారం మా కొండాపూర్ చర్చిలో లేచి, తాగుడు మానేశానని సాక్ష్యం చెప్పాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. ఇంటికొచ్చి వంటకని బియ్యం డబ్బాలో చేయి పెడితే మందు సీసా తగిలింది.

"ఏందిరా ఇది? గిప్పుడే గద దేవుని ముందర చెప్పినవ్!"

"చెప్పేటప్పుడు నిజంగనే మానాలనుకున్న నానమ్మా."

"గంత తియ్యగుంటదారా?"

"తియ్యగ ఏడుంటది? చేదు. తాగుతుంటే ఏడుపొస్తది. అయినా అదే గావాలె."

రుచి మరిగినందుకే మనుషులు పాపం వైపు పోతారని అంతవరకూ అనుకునేదాన్ని. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయని నేను సీసా మొత్తం సింకులో ఒంపేశాను. వాడు అడ్డు రాలేదు. దాహంతో ఉన్నవాడిలా ఆ సింకునే చూశాడు. సిలువ వైపు వాడెన్నడూ అలా చూడలేదు.

రోజూ మోకరిస్తూనే ఉన్నాను. వాడి కోసం ఏమని అడగాలో మాత్రం మాట రావడం లేదు.