పూడిన కన్నాలు

వదిన రంగులద్దిన చేపల గాలాలను మరిది తన పనితనమని చెప్పి అమ్ముకుంటున్నా ఆమె ఏనాడూ నోరు మెదపలేదు. ఆ రోజుల్లో వీధికి మధ్యాహ్నమైందని చెప్పేది ఆమె వంటగదిలోని కాలిన రంగు వాసనే. గాలానికున్న సీసపు తలను మంట మీద వేడిచేసి, పొడిరంగులో ముంచి, దారం దూర్చే కన్నాన్ని సూదితో తెరిచాకే, రంగు గట్టిపడేందుకు ఓవెన్‌లో వేలాడదీసేది. ఆమె జ్వరంతో పడుకున్న వారం మరిదే రంగు వేశాడు. కన్నాలన్నీ పూడిపోయాయి.

"దారం ఎక్కడ కట్టాలయ్యా, నీ మెడకా?" అని ముందుగది దుకాణంలో ఓ ముసలాయన గద్దించాడు.

"ఈసారి మా వదిన వేసింది లెండి," అన్నాడు మరిది.

గుమ్మంలో నిలబడి విన్న వదిన, "ఇలా ఇవ్వండి బాబాయ్, తెరిచిస్తాను," అని సూది అందుకుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చేతులుంటాయి. పని బాగా కుదిరిన రోజునే, నలుగురి ముందు, అది ఎవరి పనో చెప్పండి.