అందరికీ ఒకటే డొప్ప

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఉండేది కాదు. (ఉందని ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అందులో మొదటి పాఠం అరకు దగ్గర ఒక సంతలో, అడ్డాకులతో కుట్టిన ఒక డొప్ప చెప్పింది.) అక్కడి కాఫీ రైతుల సంఘానికి మా విశాఖ కంపెనీ ఒక జావా సర్వీసు (కంప్యూటర్ ప్రోగ్రాము) రాసింది, అంటే నేను రాశాను. సంతలోని వాళ్ల షెడ్డులో రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. రైతు పేరు, అతని గింజల తేమ కొడితే సర్వీసు ఒక చీటీ ఇస్తుంది: పాస్, లేదా తడి. తడి అని వస్తే బస్తా మళ్లీ కొండెక్కాల్సిందే. వచ్చిన ప్రతి మనిషికీ అతని వివరాలు పట్టుకోవడానికి ప్రోగ్రాములో ఒక కొత్త ఆబ్జెక్టు పుట్టించి, పని కాగానే పారేయడం నా కళ్లకు దుబారాగా కనిపించింది. అందుకని సర్వీసు లేచినప్పుడు ఒక్కదాన్నే పుట్టించి, అది పడుకునేదాకా ఊరందరికీ దాన్నే వాడాను. పేరు, తేమ కూడా దాని పొట్టలోనే దాచాను. "ఇద్దరు ఒకేసారి వస్తే ఏమవుతుందమ్మా?" అన్నారు, మేం 'నెమ్మది సార్' అని పిలుచుకునే మా పెద్దాయన. "వరసలో నిలబడతారు సార్," అన్నాను. ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరిగా నలభై పేర్లు కొట్టి చూశాను. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

సంతరోజు కొండలన్నీ ఒకేసారి దిగుతాయని నాకేం తెలుసు? నా సర్వీసు పనితనం చూసుకుందామని నేనూ షెడ్డుకి వెళ్లాను. రెండు బల్లల దగ్గరా ఒకే క్షణంలో మీటలు నొక్కారు. చోడి (రాగి) అంబలి డొప్పల్లో పోసి అమ్ముకునే ఒక పెద్దమ్మ తెచ్చిన కాఫీ బస్తాకి 'తడి' అని వచ్చింది. పక్క బల్ల దగ్గర, అరచేతికి అంటుకునే గింజలు తెచ్చిన ఆసామికి 'పాస్' వచ్చింది. పెద్దమ్మ తన గింజల్ని మంచు పడకముందే చాపలతో సహా ఇంట్లోకి చేర్చి, పొద్దెక్కాక మళ్లీ ఆరబోసి, బిడ్డల్లా సాకింది.

"నా గింజ నానెరగనా? పంటి కింద ఎట్టి సూడు, టక్కుమంటాది."

"కంప్యూటర్ అబద్ధమాడదు పెద్దమ్మా."

"అయితే నానాడతన్నానేటి?"

అరగంట వాదించాను. అడుగు గింజలు తడిగా ఉంటాయన్నాను, సరిగ్గా తిరగెయ్యలేదన్నాను. ఆమె బస్తా మీద కూర్చుని అన్నీ విని, చివరికి ఒక డొప్పలో అంబలి పోసి నా చేతికిచ్చింది. "తాగు. అరిసి అరిసి గొంతు ఎండిపోనాది."

తాగాను. ఆకులు ఎంత పొందిగ్గా కుట్టి ఉన్నాయో, పారేయడానికి మనసొప్పలేదు. దులిపి, కొత్త డొప్పల దొంతర మీద పెట్టాను.

"ఏటి సేత్తన్నావు గుంటా?" పెద్దమ్మ దాన్ని లాగి అవతల పారేసింది. "తాగినోలి డొప్ప తాగినోలితోనే పోవాల. నీ ఎంగిలి ఇంకొకలికి పొయ్యమంటావా?"

"కుండ మాత్రం అందరికీ ఒకటే కదా?" అన్నాను. (ఊరుకోవడం నా ఒంట్లో లేదు.)

"కుండలో నువ్వు మూతి ఎట్టలేదు కదే."

నేను పుట్టించిన ఆ ఒక్క ఆబ్జెక్టు గుర్తొచ్చింది. అందరికీ ఒకేలా ఉండే తేమ నిబంధనలు కుండలో ఉండొచ్చు. ఒక్కో మనిషి పేరు, తేమ మాత్రం డొప్పలో ఉండాలి. నేను ఊరందరికీ ఒకే డొప్ప అందించి, పక్క ఆసామి ఎంగిలిని పెద్దమ్మ చేత తాగించాను.

లాప్‌టాప్ తీసి అక్కడికక్కడే మార్చాను. మనిషి వస్తే కొత్త ఆబ్జెక్టు పుడుతుంది, చీటీ చేతికందగానే దాని ఆయుష్షు చెల్లు. రెండు బల్లల వాళ్ల చేతా పదిసార్లు ఒకేసారి నొక్కించాక పెద్దమ్మ బస్తా మళ్లీ పెట్టించాను. పాస్. ఆసామిని వెనక్కి పిలిచి మళ్లీ కొట్టిస్తే తడి అని వచ్చింది, గొణుక్కుంటూ బస్తా ఎత్తుకుని పోయాడు.

"ఏటయ్యింది దానికి?" అంది పెద్దమ్మ.

"కరెంటు హెచ్చుతగ్గులు, పెద్దమ్మా."

"కరెంటు మా కొండ మీద రోజూ పోతాది. పక్కోడి తడి నా బస్తాలోకి ఎప్పుడూ తేలేదు."

బస్సుకి టైమైందని లాప్‌టాప్ సర్దుకున్నాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు రాసిన ప్రతి ఆబ్జెక్టు దగ్గరా ఆగి, "ఇది కుండా, డొప్పా?" అని అడుగుతాను. నా మతి పోయిందనుకుంటారేమోనని కథంతా చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుంటాను కూడా. ఒప్పుకోవలసిన మనిషి దగ్గర మాత్రం కరెంటు మీదికి నెట్టేసి బస్సెక్కాను. ఆ రోజు నిజం చెప్పి ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త డొప్పలో ఇంకాస్త అంబలి పోసేదే.