మా జంపఖానా టీమ్ టీచరమ్మ

మా హాకీ టీచర్ పోయింది. కబురు తెచ్చింది ఏటూరునాగారం బస్సు కండక్టర్. వానలకు వాగు పొంగి ఆ తొవ్వలో బస్సులు ఆగిపోయాయట. నీళ్లు తగ్గి బస్సు కదిలాకే కబురూ కదిలింది. కండక్టర్ మా పాత బడిలో చెప్పిపోతే, బడి అటెండర్ మా ఇంటిదాకా వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

“మీ కట్టెల టీచరమ్మ పోయిందట బిడ్డా. జ్వరమట. అక్కడనే దహనం గూడ చేసిన్రట.”

వరంగల్‌లో ఆమెను అందరూ కట్టెల టీచరమ్మ అనే పిలిచేవాళ్లు. ఆడపిల్లల చేతికి వంకర కట్టెలిచ్చి బంతి వెంట పరుగెత్తించిన మనిషికి ఊరు పెట్టిన పేరు అది. మాకు మాత్రం ఆమె ఉత్త టీచర్. బడిలో టీచర్లు ఇంకా ఉన్నారు గానీ, వాళ్లను లెక్కల టీచర్, తెలుగు టీచర్ అనేవాళ్లం. పక్కన ఏమీ చేర్చకుండా టీచర్ అంటే ఈమె ఒక్కతే.

నాకు చెప్పిపోయాక అటెండర్ ఇంకెవరికి చెప్పాలో తెలియక వెనక్కి వెళ్లిపోయాడు. నేనూ అలాగే కూర్చుండిపోయాను. ఒక మనిషి పోతే ముందు ఇంటివాళ్లకు చెబుతాం. టీచర్ ఇంటివాళ్లు ఎవరు?

డెబ్బైల మధ్యలో ఆమె సికింద్రాబాద్ నుంచి మా బడికి డ్రిల్ టీచరుగా వచ్చింది. మేమప్పుడు తొమ్మిదో తరగతి. రిక్షా నిండా హాకీ కట్టెలు వేసుకుని, తను పక్కన నడుచుకుంటూ వచ్చింది. తాడు విప్పి కట్టెలు నేల మీద పరిస్తే అందరం గుమిగూడాం. మాలో ధైర్యం సరోజనకే ఉండేది. మడికొండలో రాళ్లు కొట్టే కూలి బిడ్డ ఆమె.

“ఇవెందుకు టీచర్, మమ్మల్ని కొట్టనీకా?”

“కాదు. మీరు కొట్టనీకి,” అన్నది టీచర్.

వరంగల్ ఆడపిల్లల జూనియర్ హాకీ టీమ్ అట్లా మొదలయింది. పరికిణీలతో పరుగెత్తితే కాళ్లకు అడ్డం పడుతుంది, నిక్కర్లు వేస్తే ఇళ్లల్లో ఊరుకోరు. అందుకని తెల్ల పైజామాలు కుట్టించింది. మొదటి నెల బంతే ఇవ్వలేదు. వంగి పరుగెత్తడం నేర్పింది. “నడుం వంచు, తల ఎత్తు. ఈ ఆటల రెండూ ఒక్కసారి చెయ్యాలె,” అనేది.

సరోజన ఆగి అన్నది: “మా అమ్మ నాట్లేసేటప్పుడు నడుం వంచుతది టీచర్. తల మాత్రం ఎత్తది.”

టీచర్ విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా అట్లా నిలబడింది.

నన్ను గోల్‌కీపర్‌ని చేసింది. కారణం గొప్పదేమీ కాదు, నేను అందరికంటే నెమ్మది. గోల్‌కీపర్‌కు కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు కావాలి. బడి కొనివ్వదు. ఒక సాయంత్రం టీచర్ కొత్తవాడలో మా ఇంటికొచ్చింది. మా నాన్న మగ్గం మీద జంపఖానా నేస్తున్నాడు. ఆమె మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన కాలి మీద చేత్తో కొలత చూపిస్తూ ఎట్లా ఉండాలో చెప్పింది.

నాన్న నవ్వాడు. “మనుషులు కూసుండేటిది కాళ్లకు కడ్తరా టీచరమ్మా?”

“బంతి వచ్చి కాలుకు తాకితే బొక్క ఇరుగుతది అన్నా. మీ బిడ్డ కాలే.”

నాన్న నవ్వు ఆగింది. రెండు పొరల జంపఖానా మధ్యన దూది గట్టిగా కూరి, ఎర్ర నీలం చారలతో నాకు ప్యాడ్లు కుట్టాడు. కట్టుకుని నడిస్తే మంచం నడిచినట్టు ఉండేది. వాటివల్లే మాకు జంపఖానా టీమ్ అని పేరు పడింది.

గోల్ దగ్గర నిలబడే పిల్లకు ఆట చాలాసేపు దూరంగానే ఉంటుంది. మిగతా వాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటూ, తిట్టుకుంటూ, ఎక్కడో దుమ్ములో కలిసి ఉంటారు. ఇక్కడ నేనొక్కదాన్ని. టీచర్‌కు ఆ సంగతి తెలుసు. నా వెనక, గోల్ కర్రల అవతల వచ్చి నిలబడేది. నేను వెనక్కి తిరగకూడదు. ఆమె నా వీపుతో మాట్లాడేది.

ఆమె బతుకు నాకు తెలిసింది అట్లానే, ముఖం చూడకుండా. వాళ్ల నాన్న మిలిటరీలో హాకీ ఆడేవాడట. ఆయన పోయాక అన్న తన సంసారం తను చూసుకున్నాడట. తల్లిని తనతో వరంగల్ తెచ్చుకుంది, ఇక్కడికొచ్చిన ఏడాదే తల్లి కూడా పోయింది. పెళ్లి మాట ఒకటి రెండు సార్లు వచ్చి, ఏమైందో ఎవరూ చెప్పకుండానే ఆగిపోయిందట. “ఇంట్ల నేను మాట్లాడితే జవాబిచ్చేటోళ్లు లేరే. అందుకే ఈడికొచ్చి మాట్లాడ్తాన.” నేను ఏదో అనబోతే, “నువ్వు జవాబియ్యకు. బంతి చూడు,” అనేది.

మాకు ఆట వచ్చింది గానీ ఆడటానికి ఎవరూ లేరు. జిల్లాలో ఆడపిల్లల హాకీ టీమ్ మాది ఒక్కటే. మాలోనే రెండు పక్షాలు చేసి ఆడించేది. ఎవరు ఎటు కొడతారో అందరికీ ముందే తెలిసిపోయేది. కాజీపేటలో రైల్వే ఉద్యోగుల పిల్లలు, మగపిల్లలు, ఆడతారని తెలిసి, వాళ్లను పిలిచి మాతో ఒక ఆట ఆడించింది. మర్నాడు నలుగురి ఇళ్లల్లో పిల్లలను ఆట మాన్పించారు. టీచర్ ఆ నాలుగిళ్లకూ తిరిగింది. గడప లోపలికి రమ్మన్న ఇల్లు ఒకటే. పిల్లలు తిరిగి వచ్చారు, మగపిల్లల ఆట మాత్రం మళ్లీ జరగలేదు.

పదో తరగతిలో ఉండగా సికింద్రాబాద్‌లో జూనియర్ ఆడపిల్లల పోటీలున్నాయని తెలిసింది. టీచర్ ముఖం అంత వెలగడం మేమెన్నడూ చూడలేదు. సరిగ్గా ఆ వారంలోనే సరోజన లగ్గం కుదిరింది. పిలగాడిది మరిపెడ.

సరోజన మా సెంటర్ ఫార్వర్డ్. ఆమె లేకపోతే మేం బంతిని మధ్య గీత దాటించలేం. టీచర్ మడికొండ పోయి సరోజన తండ్రిని అడిగింది. “లగ్గం ఆగదు టీచరమ్మా. లగ్గమైనంక పిల్ల వాళ్లది. వాళ్లనడుగు,” అన్నాడాయన.

“నువ్వు గూడ రా,” అన్నది టీచర్ నాతో. “ఒక్కదాన్ని పోతే నోరు పెగలది.”

ఇద్దరం బస్సెక్కి మరిపెడ పోయాం. కాబోయే అత్తగారు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. వాడకట్టు ఆడవాళ్లు నలుగురూ చేరారు.

“ఏం ఆట టీచరమ్మా అది?”

“కట్టెతోని బంతిని కొట్టేది అమ్మా.”

“లగ్గం కాంగనే మా కోడలు చేతికి కట్టె ఇస్తనంటవ్. మరి మా పిలగాడు ఏమైపోవాలె?”

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. టీచర్ కూడా నవ్వింది. నవ్వుతూనే చేతులు జోడించింది. “ఒక్కసారే అమ్మా. మళ్ల ఎన్నడు అడగ. ఈ పిల్ల లేకుంటే మా టీమ్ లేదు.”

ఆమె మిరపకాయలు వదిలి టీచర్‌ను పైనుంచి కిందికి చూసింది. “నీకు పిల్లలెంతమంది?”

“లేరు.”

“పెనిమిటేం జేస్తడు?”

“లేడమ్మా. లగ్గం కాలే.”

“మరి ఎవరి పిల్ల కోసమే ఇంత దూరం వచ్చినవు?”

అడిగి, అత్తగారు లోపలికి పోయి రెండు గిలాసల్లో చల్ల తెచ్చి మా చేతికిచ్చింది. “తాగున్రి. పోయి ఆడి రానీ. మా పిలగాడు ఎంబడి వస్తడు. ఆట కాంగనే తోల్కొస్తడు.”

బస్సులో వచ్చేటప్పుడు టీచర్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సరోజన పసుపు బట్టలు మాసిపోకముందే మాతో రైలెక్కింది. పుస్తెలు చొక్కా లోపల వేసుకుంది. మెట్టెలు మాత్రం తియ్యనన్నది. కాన్వాసు బూట్లలో అవి ఒత్తుకుని రక్తం వస్తుందని, టీచర్ మైదానం గట్టు మీద కూర్చుని, సరోజన పాదం తన ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలికీ మెత్తటి గుడ్డ చుట్టింది. కొత్త పెళ్లికొడుకు పక్కనే నిలబడి ఎటో చూస్తున్నాడు.

నా ప్యాడ్లు చూసి అవతలి టీమ్ పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆట మొదలయ్యాక నవ్వలేదు. బంతి వచ్చి జంపఖానాకు తగిలి అక్కడే చచ్చి పడేది. చివర్లో సరోజన ఇద్దరిని తప్పించుకుని, నడుం వంచి, తల ఎత్తి కొట్టింది. గోల్. మైదానంలో మొదట అరిచింది ఆమె పెనిమిటి. అరిచి, చుట్టూ చూసి, సిగ్గుపడి కూర్చున్నాడు.

మేం గెలిచిన ఆట అదొక్కటే. మర్నాడు చిత్తుగా ఓడిపోయాం. నేను ఏడుస్తూ ప్యాడ్లు విప్పుకుంటుంటే టీచర్ వచ్చి పక్కన కూర్చుంది. “ఎన్ని పోయినయో వాళ్లు చెప్తరు. ఎన్ని ఆపినవో నాకెరుకే.”

పొద్దుగూకే వేళకు వరంగల్ స్టేషన్‌లో దిగాం. సరోజన అక్కడి నుంచే మరిపెడ పోవాలి. టీచర్ ఆమె ఆడిన కట్టెను ఆమె చేతిలోనే పెట్టింది. సరోజన కాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేసింది.

“ఆడ ఎవరితోని ఆడుత టీచర్?”

ఒక్కొక్కరి నాన్నలు, అన్నలు వచ్చి పిల్లలను తీసుకుపోయారు. మా నాన్న సైకిల్ మీద నన్ను ఎక్కించుకున్నాడు. వెనక్కి చూస్తే ప్లాట్‌ఫారం మీద టీచర్ ఒక్కతే, పదకొండు కట్టెలనూ తాడుతో కడుతోంది.

మరిపెడలో ఇచ్చిన మాట మీదే ఆమె నిలబడింది. సరోజనను మళ్లీ ఎన్నడూ ఆటకు పిలవలేదు. ఆమె క్షేమం మాత్రం నన్ను అడుగుతుండేది.

మా తర్వాత కూడా కొన్నేళ్లు టీమ్ నడిచింది. ఏటా పిల్లలు పదో తరగతి దాటేవాళ్లు, లగ్గాలు అయ్యేవి, కొత్తవాళ్లను మళ్లీ వంగడం నుంచి మొదలుపెట్టాలి. ఎనభైలు వచ్చేసరికి పిల్లలు తగ్గారు. ఒక ఏడాది ఒకరు తక్కువైతే తనే ఆడింది. నలభై దాటిన మనిషి, పైజామా వేసుకుని, ఆ పిల్లలతో సమానంగా. తర్వాత బడికి గదులు చాలక మైదానంలో గదులు కట్టారు. మిగిలిన జాగాలో టెన్నికాయిట్ ఆడించమన్నారు. రబ్బరు రింగు, ఒక వల, ఖర్చు లేని ఆట. టీచర్ అదీ శ్రద్ధగానే నేర్పింది. కట్టెలు స్టోరుగదిలో ఉండిపోయాయి.

నాకు అప్పటికే పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు ఆమె గదికి పోయేదాన్ని. స్టవ్ మీద రెండు చాయలు పెట్టి, ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. చిత్రం ఏమిటంటే, ఎదురుగా కూర్చుంటే ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. నేనూ ఏం అడగాలో తెలియక బడి సంగతులు చెప్పేదాన్ని. పొద్దుపోతుందని లేస్తే వాకిలి దాకా వచ్చి, “మళ్ల ఎన్నడొస్తవే?” అని అడిగేది. వచ్చే వారమే అనేదాన్ని. ఆ వారాల మధ్య ఆమె ఎవరితో మాట్లాడేదో నాకు తెలియదు.

ఏటూరునాగారం బదిలీ అయినప్పుడు, వద్దని అడుగుదాం, దరఖాస్తు పెడదాం అన్నాను. “ఎందుకే? ఈడ మాత్రం ఎవరున్నరు?” అన్నది. అన్నాక నన్ను చూసి, నా భుజం తట్టింది. ఈ ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు మాత్రం మనిషి వేరుగా ఉంది. అక్కడి హాస్టల్ పిల్లల గురించి చెప్పింది. అడవి ఊళ్ల పిల్లలు, మైళ్లు నడిచినా అలుపు రాదట. “వాళ్లు ఉరుకుతాంటె చూడాలెనే నువ్వు.” పోయేటప్పుడు మా పాత బడిలో అడిగి స్టోరుగదిలోని పాత కట్టెలు బస్సు మీద వేయించుకుని పోయింది.

కబురు తెలిసిన మర్నాడు నేను ఏటూరునాగారం పోయాను. సరోజనకు మరిపెడ బస్సులో కబురు పంపాను, అందిందో లేదో తెలియదు. మిగతా వాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారో నాకే సరిగా తెలియదు. బస్సులో నేనొక్కదాన్నే. అడవంతా తడిసి నల్లగా ఉంది.

టీచర్ ఉన్న గదికి తాళం వేసి ఉంది. హాస్టల్‌లో వంటచేసే అవ్వ తలుపు తీసింది. ఒక మంచం, స్టవ్, గోడకు ఆనించిన కట్టెలు. వాటి పిడులకు కొత్త గుడ్డ చుట్టి ఉంది. జ్వరంలో కూడా కూర్చుని చుట్టిందట.

“వానలు పోయినంక పిల్లలతోని ఆట మొదలుపెడ్తనన్నది బిడ్డా,” అన్నది అవ్వ. “రోజు పోయి ఆడ సున్నం పోసేది. వానకు కొట్టుకపోయేది. మళ్ల పోసేది. పిల్లలు తొక్కితే కోప్పడేది.”

చూపించింది. హాస్టల్ ముందు గడ్డి చెక్కిన జాగా. గోల్ కర్రలు ఇంకా పాతలేదు. వాటి ముందు ఉండాల్సిన సగం చందమామ లాంటి గీత మాత్రం ఉంది. సున్నం సగానికి పైగా కరిగి, అక్కడక్కడ తెల్లగా మిగిలింది.

ఎడమవైపు పిల్లల గదులు, కుడివైపు వంటశాల, మధ్యన ఆ గీత. బువ్వ గంట కొట్టారు. పిల్లలు పళ్లాలు పట్టుకుని బయటికొచ్చారు. తుంపర పడుతోంది. పళ్లాలు నెత్తి మీద పెట్టుకుని పరుగెత్తారు. నేరుగా పోతే నాలుగంగల్లో వంటశాల వస్తుంది. ఒక్క పిల్ల కూడా నేరుగా పోలేదు. గీత దగ్గరికి రాగానే పక్కకు తిరిగి, దాని వెంటే సగం చుట్టు తిరిగి, తడుస్తూ అవతలికి పోతున్నారు.

అందరికంటే చిన్నపిల్ల ఆఖరున వచ్చింది. గీత ఎక్కడుందో కనబడనంతగా కరిగిపోయిన చోట ఆగి, వంగి నేలను చూసి, ఇంకా దూరంగా చుట్టు తిరిగి పోయింది.